కథ తిప్పి పంపారు, కారణం మాత్రం చెప్పలేదు

డిండి_ఒడ్డు
ఎండాకాలంలో పంపిన కథకు దసరా దాటాక జవాబు వచ్చింది. "మీ రచన పరిశీలించాం. ప్రచురణకు స్వీకరించలేకపోతున్నాం. మరో రచన పంపగలరు." అంతే, ఇంకో ముక్క లేదు.

మాది దేవరకొండ దగ్గర ఒక ఊరు. నీళ్లు లేక బత్తాయి తోట ఎండిపోతే ఒక రైతు చెట్లు కొట్టించిన రోజు గురించి రాశాను. చదివిన దోస్తులందరూ కళ్లల్లో నీళ్లు తిరిగాయన్నారు. పత్రికవాళ్లకు ఏం నచ్చలేదో ఒక్క లైను రాస్తే వాళ్ల సొమ్మేం పోతుంది? భాష నచ్చలేదా, విషయం నచ్చలేదా, నల్లగొండ అడ్రసు చూసి పక్కన పెట్టారా? మీకు ఇట్లా తిరిగొచ్చినప్పుడు ఏం చేస్తారు? నిజంగా ఏమన్నా నేర్చుకుంటారా, లేక నేర్చుకున్నామని పైకి చెప్పుకుంటారా?

జడ్చర్ల_జంక్షన్
జవాబంటూ వచ్చింది కదా, సంతోషించు తమ్ముడూ. నావన్నీ వెళ్లిన బండి వెళ్లినట్టే. తిరుగు బండి లేదు.

సీతాఫలం
దోస్తులు ఏడ్చారంటే నమ్మకు. నా కవిత విని మా దోస్తులు కూడా ఏడ్చారు. కారణం వేరే.

పంతులు_అచ్చంపేట
మా రోజుల్లో స్టాంపులు అతికించి, మన అడ్రసు మనమే రాసుకున్న కవరు ఒకటి కథతో పాటు పంపాలి. వద్దనడానికి అయ్యే పోస్టు ఖర్చు కూడా మన నెత్తినే. పోస్ట్‌మ్యాన్ సైకిల్ దిగకముందే సంగతి తెలిసిపోయేది. సన్న కవరైతే వేసుకుంటామని ఉత్తరం, లావు కవరైతే మన కథ మనకే. "సారూ, మీ కథ వచ్చింది!" అని వీధి మొదట్లోనే కేకేసేవాడు. అచ్చయి వచ్చిందో, తిరిగి వచ్చిందో ఆయనకేం తెలుసు పాపం. అరుగుల మీద వాళ్లంతా నాకు నమస్కారం పెట్టేవాళ్లు.

ఆ లావు కవరుతో ఒక లాభం మాత్రం ఉండేది. కాగితాలు నాలుగు చేతులు మారి వచ్చేవి. ఒకసారి నా కథ మొదటి రెండు పేజీలు నలిగి, పిన్ను దగ్గర చిరిగి, అంచున టీ మరకతో వచ్చాయి. మూడో పేజీ నుంచి నేను పంపిన మడత కూడా చెదరలేదు. ఒక్క అక్షరం రాయకుండానే ఎక్కడ చదవడం మానేశారో చెప్పేశారు. మీ మెయిళ్లలో ఆ సౌకర్యం లేదు.

డిండి_ఒడ్డు
తర్వాత ఆ కథ ఏం చేశారు సార్?

పంతులు_అచ్చంపేట
మొదటి రెండు పేజీలు పీకేసి ఇంకో పత్రికకు పంపాను. అదీ తిరిగొచ్చింది. కాకపోతే ఈసారి అన్ని పేజీలూ నలిగాయి.

కోయిలకొండ_కోయిల
దీన్నే ప్రగతి అంటారు సార్.

మాజీ_డెస్కు
కొన్నేళ్లు ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో పనిచేశాను. పేరు అడగొద్దు. డిండి గారూ, అడ్రసు చూసేంత తీరిక అక్కడ ఎవరికీ ఉండదు, ఆ అనుమానం వదిలేయండి.

వారానికి ఒక కథ అంటే ఏడాదికి 52. అందులో పోటీల్లో బహుమతి పొందినవి, పండగ ప్రత్యేక సంచికకు పెద్ద రచయితల్ని అడిగి రాయించుకున్నవి ముందే చోటు పట్టేస్తాయి. మిగిలిన ఖాళీలకు పోటీ ఎంతో మీరే ఊహించుకోండి. పైగా కథకు దొరికేది రెండు పేజీలు, అందులో బొమ్మకు కొంత పోతుంది. శుక్రవారం సాయంత్రం ప్రకటన ఒకటి వచ్చిందంటే మొదటి కోత కథకే. అందుకని మంచి కథ అయినా మరీ పొడుగైతే పక్కకు వెళ్లిపోయేది, కత్తిరించే ఓపిక ఎవరికీ లేక. ఉగాది కథ ఉగాదికి వారం ముందు పంపితే ఏం చేసుకుంటాం? రెండు మూడు నెలల ముందే అందాలి.

ఇంకొన్ని అసలు చదవకుండానే పోయేవి. అను అనే పాత తెలుగు ఫాంటులో కొట్టి వర్డ్ ఫైలు పంపుతారు. మా సిస్టంలో ఆ వెర్షన్ లేకపోతే తెరవగానే డాలరు గుర్తులు, ఇంగ్లిషు అక్షరాలు. మళ్లీ పంపండని అడిగే వాళ్లం మొదట్లో. తర్వాత్తర్వాత మానేశాం. ఏ కంప్యూటర్లోనైనా తెరుచుకునే యూనికోడ్‌లో పంపండి, పీడీఎఫ్ కూడా జతచేయండి. ఫోన్లో పేజీలు ఫొటో తీసి వాట్సాప్ చేసేవాళ్ల గురించి ఏమీ చెప్పను.

కారణం ఎందుకు రాయరంటారా? నేను రాసి చూశాను. ఒకాయనకు "ముగింపు బలహీనంగా ఉంది" అని రాస్తే, ఆ ముగింపు ఎంత గొప్పదో వివరిస్తూ కథ కంటే పొడుగు ఉత్తరం పంపాడు. నిజం చెప్పాలంటే ఆ ఉత్తరమే బాగుంది, వేసుకోవాల్సింది.

సీతాఫలం
అంటే మన కథ బాగాలేదని ఎవరూ అనలేదన్నమాట. ఎవరూ చదవలేదు, అంతే. ఇది ఓదార్పా, ఇంకో దెబ్బా?

మాజీ_డెస్కు
రెండూ కాదు. ఆ రెండు లైన్ల మెయిల్‌లో సమాచారం లేదు. లేని సమాచారం కోసం రాత్రంతా తవ్వొద్దు అంటున్నాను. "ఈసారి కుదరలేదు, ఇంకోటి తప్పకుండా పంపండి" అని ఎవరైనా పేరు పెట్టి రాస్తే అది వేరు. అట్లా రాయాల్సిన అవసరం వాళ్లకు లేదు, అయినా రాశారంటే నిజంగానే అడుగుతున్నట్టు. వెంటనే పంపాలి.

నల్లమల_నీడ
అడ్రసు చూడరు సరే. భాష చూస్తారు. నా కథ ఒకటి వేసుకున్నారు, మస్తు సంబరపడ్డా. పుస్తకం తెరిచి చూస్తే నా ముసలమ్మ "ఏడికి పోతున్నవ్ బిడ్డా" అన్న చోట "ఎక్కడికి వెళ్తున్నావు నాయనా" అంటోంది. మా అమ్రాబాద్‌లో ఏ ముసలమ్మ అట్లా మాట్లాడుతుంది? నన్నడిగితే తిప్పి పంపినా ఇంత బాధ ఉండేది కాదు.

మూసీ_గట్టు
ఇది ఇవాళ్టి లొల్లి కాదు. తెలంగాణలో కవులే లేరని ఒకాయన రాస్తే సురవరం ప్రతాపరెడ్డి గారు ఏం చేశారు? 354 మంది కవుల పద్యాలు పోగుచేసి 1934లో గోల్కొండ కవుల సంచిక అచ్చేసి చేతిలో పెట్టారు. మన పాలమూరు మనిషి, గద్వాల వైపు. అప్పటికి ఎనిమిదేళ్లుగా గోల్కొండ పత్రిక నడుపుతున్నారు కాబట్టి పిలుపిస్తే కవులు పలికారు. అంతకంటే ముందు, 1922లోనే షబ్నవీసు వెంకట రామ నరసింహారావు గారు నల్లగొండ నుంచి నీలగిరి పత్రిక తీశారు. వేసుకోకపోతే మనమే వేసుకుందాం అన్న తెగువ మన దగ్గర వందేళ్ల కిందటిది.

సీతాఫలం
మూసీ అన్నా, ఈ ఉదాహరణ ప్రతి సభలో వింటాం, చప్పట్లు కొడతాం, టీ తాగి ఇంటికొస్తాం. ఆయన పని చేసి చూపించారు. మనం మనకొచ్చిన తిరస్కార మెయిల్‌ను స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్ పెట్టుకుంటున్నాం.

మూసీ_గట్టు
నా స్టేటస్ నువ్వెప్పుడు చూశావ్?

ఆసు_దారం
భాష గురించి నేనూ చెబుతాను. మాది పోచంపల్లి దగ్గర నేతకారుల ఇల్లు. మా అమ్మ ఆసు పోసేది. దాని మీదే కథ రాశాను. ఒక పత్రిక నుంచి తిరిగొచ్చింది, కానీ సంపాదకురాలు కింద ఒక మాట రాశారు: "ఈమె చేసే పని ఏమిటో నాకు కనబడలేదు." నాకు ఒళ్లు మండింది. పట్నంలో కూర్చున్న వాళ్లకు మగ్గం ఇల్లు ఎట్లా కనబడుతుంది అని ఇంట్లో అందరి మీదా అరిచాను.

కోపం చల్లారాక కథ తీసి చూశాను. పనిముట్ల పేర్లన్నీ ఉన్నాయి, పక్కనే బ్రాకెట్లో అర్థాలు కూడా ఇచ్చాను, బడి పుస్తకంలో ఇచ్చినట్టు. అమ్మ చెయ్యి మాత్రం ఎక్కడా లేదు. ఆసు పోయడమంటే ఇటు మేకు దగ్గర నుంచి దారం పట్టుకుని అటు అర్ధచంద్రంలా ఉన్న మేకుల దాకా పోవాలి, ఒక్కో మేకు చుట్టూ తిప్పుకుని మళ్లీ వెనక్కి రావాలి. ఒక చీరకు అట్లా వేలసార్లు. రాత్రి అన్నం తినేటప్పుడు అమ్మ కుడిచెయ్యి ఎత్తలేక ఎడమచేత్తో కలుపుకునేది, ఎవరన్నా చూస్తే "ఏం కాలేదు, తిను" అనేది. ఇది నాకు ఎంత మామూలంటే రాయాలని కూడా తోచలేదు.

బ్రాకెట్లు తీసేసి అది రాశాను. ఒక్క మా ఇంటి మాట కూడా మార్చలేదు. ఇంకో పత్రికలో వచ్చింది.

నల్లమల_నీడ
అక్కా, బాగుంది. కానీ మనమే ఎందుకు విడమర్చి చెప్పాలి? గోదావరి పడవల మాటలు, అక్కడి వంటల పేర్లు మనకు ఎవరూ విడమర్చి చెప్పలేదు. చిన్నప్పటి నుంచి చదివి చదివి మనమే నేర్చుకున్నాం. వాళ్లను కూడా నేర్చుకోమనాలి.

ఆసు_దారం
విడమర్చి చెప్పింది ముందు రాసిన కథలో తమ్ముడూ, బ్రాకెట్లు పెట్టి. రెండోసారి చెప్పడం మానేశాను. అయినా మీ ముసలమ్మ సంగతి వేరు, అది వాళ్లు అడగకుండా మార్చడం. దానికి ఉత్తరం రాయాల్సిందే. రాశారా?

నల్లమల_నీడ
రాయలే. మళ్లీ కథ వేసుకోరేమోనని.

జడ్చర్ల_జంక్షన్
ఇంతసేపటి నుంచి చూస్తున్నా, హ్యారీ పాటర్ ఆమె సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? పన్నెండు మంది పబ్లిషర్లు వద్దన్నారు అని?

కోయిలకొండ_కోయిల
ఎత్తేశావుగా, కడుపు నిండిందా.

లెక్కల_సారు
పేరున్నవాళ్ల తిరస్కారాలు ఓదార్పుకు తప్ప పనికిరావు. బీరువాలోనే ఉండిపోయిన కథల గురించి ఎవరూ చెప్పరు, లెక్క తప్పేది అక్కడే. గెలిచినవాళ్లను మాత్రమే లెక్కేస్తే ఎన్నిసార్లు వద్దంటే అంత గొప్ప అన్నట్టు తయారవుతుంది.

నాకు పనికొచ్చిన ఉత్తరం ఒక్కటే ఉంది. జంతువులు తిరగబడి పొలం చేజిక్కించుకుంటే చివరికి పందులే పెత్తనం చేసే కథ, ఆర్వెల్ 'యానిమల్ ఫామ్'ను 1944లో ఫేబర్ ప్రచురణ సంస్థ తరఫున టి.ఎస్. ఎలియట్ వెనక్కి పంపాడు. అంత పెద్ద కవి, రాత బాగుందని మెచ్చుకుంటూనే పంపాడు. పందులే అన్ని జంతువుల కంటే తెలివైనవి కాబట్టి అవే నడపడం సబబు, కావాల్సింది ఇంకాస్త ప్రజల మేలు కోరే పందులు అన్నది ఆయన వాదన. రష్యా అప్పుడు యుద్ధంలో బ్రిటన్ పక్కన ఉంది, స్టాలిన్ మీద వెటకారం ఎవరికీ రుచించే కాలం కాదు. ఇట్లాంటి ఉత్తరం వస్తే కథలో దిద్దాల్సింది ఏమీ లేదు, చోటు మార్చాలి. ఆర్వెల్ మార్చాడు. 1945 ఆగస్టులో వేరే సంస్థ వేసింది. ఆసు అక్కకు వచ్చిన మాట అట్లాంటిది కాదు, అది కథలోని లోటును చూపించింది. ఈ రెండూ విడదీసి చూడగలిగితే చాలు, మిగతాదంతా టెన్షనే.

సీతాఫలం
చర్చ విలాయత్ దాకా వెళ్లింది, బత్తాయి తోట ఇక్కడే ఎండుతోంది. డిండి తమ్ముడూ, నీ కథ మొదటి పేరా పెట్టు. పత్రికవాళ్లు చెప్పనిది మేం చెబుతాం, ఫ్రీగా.

డిండి_ఒడ్డు
పెడుతున్నా. నెమ్మదిగా తిట్టండి.

"వైశాఖ మాసపు ఎండ నిప్పులు చెరుగుతోంది. ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు. ఊరంతా నిర్మానుష్యంగా ఉంది. వేపచెట్టు కింద ఒక కుక్క నాలుక బయటపెట్టి రొప్పుతోంది. రాములు దిగులుగా తన బత్తాయి తోట వైపు చూశాడు. ఒకప్పుడు పచ్చగా కళకళలాడిన తోట ఇప్పుడు మోడుబారి వెలవెలబోతోంది."

జడ్చర్ల_జంక్షన్
ఆ కుక్క నా కథలో కూడా ఉంది.

కోయిలకొండ_కోయిల
నా కథలోనూ. వేపచెట్టు కిందే.

మాజీ_డెస్కు
ఎండాకాలంలో మా డెస్కు మీదికి వచ్చిన ప్రతి పల్లె కథలో ఉండేది. వానాకాలంలో అదే కుక్క తడిసి వణికేది.

ఆసు_దారం
అందరూ ఆ పిల్లవాణ్ణి ఆటపట్టించడమేనా. తమ్ముడూ, ఇది కల్పించిందా, మీ ఇంట్లో జరిగిందా? జరిగితే ఆ రోజు ఏమైందో కథలాగా కాకుండా ఊరికే చెప్పు.

డిండి_ఒడ్డు
మా ఇంట్లోనే అక్కా. కట్టెల వ్యాపారి వస్తున్నాడని నాన్న ముందురోజే తోటంతా తిరిగి ఒక్కో చెట్టుకు సున్నంతో గుర్తు పెట్టాడు. లావు చెట్లకు రెండు గుర్తులు. చెట్టుకు ఇంత అని బేరం చేద్దామని లెక్కంతా నా పాత నోట్‌బుక్ కాగితం మీద రాసి జేబులో పెట్టుకున్నాడు. ఆ వ్యాపారి వచ్చి గుర్తుల వైపు చూడనే లేదు. గట్టు మీద నిలబడి అటొకసారి ఇటొకసారి చూసి, ఇన్ని ట్రాలీలు అవుతాయి, ట్రాలీకి ఇంత అన్నాడు. నాన్న కాగితం బయటికి తీయలేదు. సరే అన్నాడు. ఇది కథలో ఉంది, నాలుగో పేజీలో. కొంచెం వేరుగా.

పంతులు_అచ్చంపేట
ఆ నాలుగో పేజీ నలగలేదు నాయనా. అక్కడిదాకా ఎవరూ వచ్చి ఉండరు.

లెక్కల_సారు
సున్నం గుర్తులతో మొదలుపెట్టు. ఎండ, ఆకాశం, వెలవెల ఏమీ వద్దు. రెండు గుర్తులు పెట్టిన చెట్టు దగ్గర మీ నాన్న కాసేపు ఆగాడా? నాకు అది చదవాలని ఉంది.

నల్లమల_నీడ
బేరం మాటలు మన యాసలోనే ఉంచు. దిద్దితే నేను ఊరుకోను.

మాజీ_డెస్కు
ముగింపు ఎట్లా ఉంది?

డిండి_ఒడ్డు
రాములు పురుగుల మందు తాగుతాడు.

ఆసు_దారం
అయ్యో. మీ నాన్న...

డిండి_ఒడ్డు
లేదక్కా, నాన్న బాగున్నాడు! హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్ వాచ్‌మెన్. పొద్దున ఫోన్ చేశాడు, లిఫ్టు చెడిపోయిందని.

సీతాఫలం
మరి కథలో ఎందుకు చంపావయ్యా?

డిండి_ఒడ్డు
బలంగా ఉంటుందని.

మాజీ_డెస్కు
మీకు రావాల్సిన కారణం ఇదే అయి ఉండొచ్చు, నేను పందెం కాయను గానీ. మేం పక్కన పెట్టిన రైతు కథల్లో చాలావాటి చివర ఆ డబ్బా ఉండేది. నల్లగొండ, పాలమూరు ఊళ్లలో అట్లా పోయినవాళ్లు ఎంతమందో మనకందరికీ తెలుసు, అది అబద్ధమని ఎవరూ అనరు. కానీ రచయితకు దారి దొరకక డబ్బా చేతికిస్తే చదివేవాడికి తెలిసిపోతుంది. అంతమంది చావు కూడా అప్పుడు తేలికైపోతుంది.

నల్లమల_నీడ
దీంతో నేను ఒప్పుకోను సార్. పేపర్లలో రోజూ వచ్చేది కథలో వస్తే పాతబడిందంటారా? చావు రాయొద్దని ఎడిటర్లు అంటే రైతు కూడా చావడం మానేస్తాడా?

మాజీ_డెస్కు
రాయొద్దనలేదు. ఈ రాములును చంపింది అప్పు కాదు, కథకుడు. అంతవరకే నా మాట.

మూసీ_గట్టు
నిజంగా పోయినవాళ్ల ఇంట్లో కూర్చుని రాసిన కథలు నేను చదివాను, వాటిలో మందు డబ్బా కనబడదు. పరిహారం కాగితాల కోసం ఎమ్మార్వో ఆఫీసు చుట్టూ తిరిగే భార్య కనబడుతుంది. నల్లమల చెప్పింది తప్పు కాదు, కానీ డిండి కథ అది కాదు.

డిండి_ఒడ్డు
అయితే చివర్లో నాన్న అపార్ట్‌మెంట్ ముందు బండి మీద బత్తాయిలు కొంటున్నట్టు పెడితే?

కోయిలకొండ_కోయిల
వద్దు! అది కుక్క కంటే పాతది.

జడ్చర్ల_జంక్షన్
నా కథలో కొన్నది సీతాఫలాలు. అయినా తిరిగొచ్చింది.

లెక్కల_సారు
ముగింపు ఇప్పుడే తేల్చకు. ముందు సున్నం దగ్గర నుంచి ట్రాలీ కదిలేదాకా రాయి. అక్కడే అయిపోవచ్చు కూడా.

డిండి_ఒడ్డు
రాస్తాను. మారిస్తే మళ్లీ అదే పత్రికకు పంపొచ్చా?

మాజీ_డెస్కు
దిద్ది పంపమని వాళ్లు అడిగితేనే. లేకపోతే వేరే చోటికి పంపండి. కథ పేరు మార్చి అక్కడికే పంపే తెలివి అసలొద్దు, చదివినవాడికి గుర్తుంటుంది. ఇప్పుడు అచ్చు పత్రికలు తగ్గాయి, నవ్య లేదు, విపుల, చతుర అచ్చులో లేవు. వెబ్ పత్రికలు చూడండి. 'ఈమాట' అనే వెబ్ పత్రికలో సమీక్షకులు చదివి మార్పులు సూచించే పద్ధతి ఉంది. ఓపిక పట్టాలి, కొన్నిసార్లు మనసు నొచ్చుకుంటుంది, కానీ మీరు మొదట అడిగిన కారణాలు అక్కడ దొరుకుతాయి. ఒకేసారి రెండు చోట్లకు మాత్రం పంపకండి. రెండు చోట్లా వస్తే ఇద్దరూ మళ్లీ మీ మొహం చూడరు.

ఆసు_దారం
పంపేముందు ఆ పత్రికలో ఈమధ్య వచ్చిన కథలు కొన్ని చదువు తమ్ముడూ. పాత కథలు కావాలంటే శ్రీకాకుళం కథానిలయం వాళ్ల వెబ్‌సైటులో బోలెడు ఉన్నాయి, కూర్చున్నచోటే చదవొచ్చు. తోట కొట్టేసిన కథ ఇంకెవరన్నా రాశారేమో కూడా తెలుస్తుంది.

డిండి_ఒడ్డు
సరే అక్కా. ఇంకొక్క డౌటు. హామీ పత్రం అంటారు కదా, పోయినసారి నేను అది పెట్టనే లేదు. అందులో ఏం రాయాలి?

సీతాఫలం
ఇంతసేపటికి బయటపెట్టాడు చూడండి.

మాజీ_డెస్కు
నాలుగు లైన్లు చాలు. "ఈ కథ నా సొంత రచన. దేనికీ అనువాదం గానీ అనుకరణ గానీ కాదు. ఇంతవరకు ఏ పత్రికలోనూ, వెబ్‌సైటులోనూ, సోషల్ మీడియాలోనూ ప్రచురితం కాలేదు. వేరే ఏ పత్రిక పరిశీలనలోనూ లేదు." కింద పేరు, అడ్రసు, ఫోన్ నంబరు, తేదీ, సంతకం. కలం పేరు పెట్టుకుంటే అసలు పేరు కూడా రాయండి, లేకపోతే పారితోషికం చెక్కు ఎవరి పేరు మీద రాయాలో తెలియక అకౌంట్స్ వాళ్లు పక్కన పెడతారు. ఇంకోటి, కొత్తగా రాసింది మొత్తం ఇక్కడ పెట్టకండి. ఇక్కడ పెట్టినా ప్రచురితమైనట్టే లెక్క వేసే పత్రికలున్నాయి. ఆసు గారికో, లెక్కల సారుకో విడిగా మెయిల్ చేయండి.

లెక్కల_సారు
నాకు పంపు. యూనికోడ్‌లో.